పసినాటి తిండి, ముదిమినాటి బలిమి

హైదరాబాదు నగరమున మూసీనదికి దక్షిణముగా మలక్‌పేట యున్నది. అచ్చటి గంజ్ మార్కెట్టులో ఉల్లిగడ్డల లారీలు వచ్చి నిలుచును. హమాలీలు బస్తాలను వీపులపై మోసి దించుచుందురు. ఏబదియేండ్ల హమాలీ యొకడు అలవోకగా బరువు మోయును. అదే యీడుగల మరియొకడు రెండు బస్తాలకే రొప్పుచు కూలబడును. పని యొక్కటే, వయస్సొక్కటే. మరి యీ భేద మెచ్చటినుండి వచ్చెను? కొందరు నుదుటి వ్రాత యందురు. కొందరు చుట్టను, కల్లును నిందింతురు. ఆ యిద్దరును రెండేండ్ల పసివాండ్రుగా నున్నపుడు ఏమి తినిరో యని అడుగువారు అరుదు. అట్టి ప్రశ్నకు సమాధానము కోరి దేశదేశముల లెక్కలు వెదకిన అర్థశాస్త్రాచార్యుడు జెరీ బెర్మన్.

ఇతడు 1965లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున అధ్యాపకుడుగా చేరెను. తొలుత థాయిలాండు రైతులు ధరవరలను బట్టి పంటలు మార్చుకొను తీరును పరిశీలించెను. పిమ్మట అతని చూపు ఆ పంటలు తినువారి శరీరముల మీదికి మరలెను.

పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థవారు 1975 నుండి కొన్ని పల్లెలలో ఇంటింటి రాబడిని, వెచ్చమును వ్రాసి యుంచుచుండిరి. నాటి మహబూబునగరు జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు అట్టి పల్లెలే. బెర్మన్, అనిల్ దేవలాలీకర్ ఆ లెక్కలను శోధించి 1987లో ఒక వింత సంగతిని ప్రకటించిరి. రాబడి పెరిగినకొలది తిండిపై ఖర్చు పెరుగును గాని, ఒంటికి చేరు శక్తి అంతగా పెరుగదట! జొన్నగటక త్రాగువాడు చేత నాలుగు డబ్బులు పడగానే సన్నబియ్యము కొనును. నాలుక సంతోషించును, కండ పెరుగదు. పండితు లందరును దీని నొప్పుకొనలేదు. వాదము చాలకాలము సాగినది.

మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశమున 1969 నుండి 1977 వరకు రెండు పల్లెల పిల్లలకు మాంసకృత్తులు గల జావను, మరి రెండు పల్లెల పిల్లలకు వట్టి తీపిపానకమును ఇచ్చిరి. ఆ పిల్లలు పెద్దవారైన పిదప బెర్మన్, అతని సహచరులు వారిని వెదకి పట్టుకొనిరి. రెండేండ్ల లోపున జావ త్రాగిన మగవారికి గంటకు వచ్చు కూలి 46 శాతము అధికమని 2008లో తేల్చిరి. స్త్రీల కూలిలో అట్టి భేదము కానరాలేదు.

చదివినవారు చిరకాలము జీవింతురని లోకుల నమ్మకము. డెన్మార్కు కవలల లెక్కలను చూడగా, ఒకే పోలికగల కవలలలో ఎక్కువ చదివినవాడు తన తోబుట్టువుకన్న ఎక్కువ కాలము బ్రతికిన నిదర్శనము దొరకలేదని 2011లో వీరు వ్రాసిరి. చదువు వ్యర్థమని దీని భావము కాదు. ఆయుస్సునకు బీజము బడికన్న ముందే, పుట్టిన యింటిలోనే పడియుండవచ్చును.

ఇట్టి పరీక్షయే హైదరాబాదు చెంతనున్న పల్లెలలోను జరిగియుండెను. 1987 నుండి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థవారు 29 పల్లెలను తీసికొనిరి. కొన్నిట గర్భిణులకును, ఆరేండ్లలోపు పిల్లలకును దినదినము మొక్కజొన్న, సోయాపిండితో వండిన ఉప్మా పెట్టిరి. తక్కినవానికి ఆ ప్రభుత్వ పథక మింకను చేరలేదు. కావలెనని ఎవరును తిండి మాన్పలేదు, నిజమే. అయినను ఆ తల్లులకు ఆ మాట యేమి ఊరట? 2003-05లో సంజయ్ కిన్రా మున్నగువారు 1165 మందిని పరీక్షించిరి. ఉప్మా అందిన పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు అధికముగా ఎదిగిరి. వారి రక్తనాళములును తక్కువ బిరుసుగా నుండెను. రక్తనాళముల బిరుసు ముదిమితోడ వచ్చు లక్షణము గదా! ఆ పిల్లలే యిరువదియేండ్లు దాటినపుడు బడిచదువులో, ఉపాధిలో తక్కినవారికన్న మెరుగుగా నుండిరని బెర్మన్ మున్నగువారు 2018లో ప్రకటించిరి.

నాడు ఉప్మా తిన్న పసివారికిని, తినని పసివారికిని ఇంకను నెరసిన తలలు కావు. వారిలో 1987లో పుట్టినవారికి అరువదియేండ్లు నిండుట 2047లో.