కోకాపేటలో రెండు వేలాలు

2023 ఆగస్టు 3న హైదరాబాద్ శివారు కోకాపేటలోని నియోపోలిస్ లేఅవుట్ ప్లాట్లను నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ఆన్‌లైన్లో వేలం వేస్తే ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలికింది. 45.33 ఎకరాలకు రూ.3,319 కోట్ల పైచిలుకు వచ్చింది. చాయ్ దుకాణాల్లో కూడా నెలల తరబడి అదే ముచ్చట. అదే కోకాపేటలో ఫ్లాటు కోసం ఎవరైనా ఫోన్లో వెతికిన ప్రతిసారీ ఇంకో వేలం జరుగుతుంది. రెప్పపాటులో ముగిసిపోతుంది కాబట్టి దాని ఊసు ఎవరూ ఎత్తరు. దేశదేశాలకు విస్తరించిన డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీలు బతుకుతున్నది ఈ రెండో వేలం మీదే.

భూమి వేలంలో ఎక్కువ పాడినవాడిదే ప్లాటు. గూగుల్ సెర్చ్ ప్రకటనల్లో అలా కాదు. ‘కోకాపేటలో త్రీ బీహెచ్‌కే’ అని మీరు వెతికారనుకుందాం. మొదటి బిల్డర్ ఒక్కో క్లిక్కుకు రూ.100 ఇస్తానన్నాడు, రెండోవాడు రూ.80 అన్నాడు. ప్రకటన మీద జనం నొక్కే అవకాశం ఎంత, వెతికిన విషయానికి అది ఎంత దగ్గరగా ఉంది, నొక్కితే తెరుచుకునే పేజీ ఎలా ఉంది అన్నవి చూసి యంత్రం మార్కులు వేస్తుంది. మొదటివాడికి 4, రెండోవాడికి 7 వచ్చాయి. పాటను మార్కులతో గుణిస్తే ఒకరికి 400, ఇంకొకరికి 560. పై స్థానం రూ.80 పాడినవాడికే. పైగా అతను రూ.80 కూడా కట్టనక్కర్లేదు. అవతలివాడి 400ను దాటడానికి ఎంత కావాలో అంతే, అంటే 400ను 7తో భాగిస్తే వచ్చే రూ.57 చిల్లర. అసలు లెక్కలో ఇంకా చాలా అంశాలు కలుస్తాయి గానీ మూలసూత్రం ఇదే.

ఇందులో గూగుల్ ఔదార్యమేమీ లేదు. క్లిక్ పడితేనే దానికి డబ్బు. ఎవరూ నొక్కని ప్రకటనకు వంద పాడినా వచ్చేది సున్నా. 1998లో గోటూ డాట్ కామ్ అనే సెర్చ్ సైటు కేవలం పాటను బట్టే స్థానాలు అమ్మింది. 2000లో 350 మంది ప్రకటనదారులతో తన ప్రకటనల సేవ యాడ్‌వర్డ్స్ మొదలుపెట్టిన గూగుల్, 2002లో క్లిక్కుల లెక్కను వేలంలోకి తెచ్చింది. గెలిచినవాడు తన పాట కాక, తన తరువాతివాడి పాటను బట్టి చెల్లించే పద్ధతిని అంతకు నాలుగు దశాబ్దాల ముందే, 1961లో, ఆర్థికవేత్త విలియం విక్రీ విశ్లేషించాడు. 1996లో ఆయనకు నోబెల్ ప్రకటించారు. పాపం, మూడు రోజులకే కన్నుమూశాడు.

ఇక ఏజెన్సీల సంగతి. పత్రికల కాలంలో రేటు కార్డు ఉండేది. ఏజెన్సీ స్థలం కొనేది, 15 శాతం కమీషన్ తీసుకునేది. వేలం వచ్చాక స్థిరమైన రేటంటూ లేదు. ఏ గంటలో, ఏ ప్రాంతంలో, ఏ ఫోన్ మీద ఎంత పాడాలో చూస్తూ ఉండాలి. ఒకే ప్రకటనను పది రకాలుగా రాసి ఏది పండుతుందో పరీక్షించాలి. ఈ పని చేసేవాళ్లు ప్రకటనదారు ఊళ్లోనే ఉండాలన్న నియమం లేదు. ఏజెన్సీ నెట్‌వర్కుల డిజిటల్ పని దేశాలు దాటడానికి దారి ఇక్కడే పడింది.

అంతకు ముందు నుంచే ఆ నెట్‌వర్కులు కంపెనీలను కొంటూ పెరుగుతున్నాయి. డబ్ల్యూపీపీ మొదట్లో తీగ బుట్టలు చేసే బ్రిటిష్ కంపెనీ. 1985లో అందులో వాటా కొన్న మార్టిన్ సోరెల్ 1987లో జె.వాల్టర్ థాంప్సన్‌ను, 1989లో ఓగిల్వీని, రెండూ పెద్ద ప్రకటనల ఏజెన్సీలే, అందులో కలిపేశాడు. 2013లో జపాన్ డెంట్సు బ్రిటన్ ఏజిస్‌ను కొంది. 2019లో ఫ్రాన్స్ పబ్లిసిస్ 440 కోట్ల డాలర్లు పెట్టి కొన్న ఎప్సిలాన్ ప్రధానంగా వినియోగదారుల డేటా మీద నడిచే కంపెనీ. 2025లో ఓమ్నికామ్ తన పోటీదారు ఇంటర్‌పబ్లిక్‌నే కలుపుకుంది. నలభై దేశాల్లో సరుకు అమ్మే కంపెనీకి నలభై ఏజెన్సీలతో లెక్కలు చూసుకోవడం తలనొప్పి, ఒకే బిల్లు కావాలి. పాట ఎంత పాడాలో ఇప్పుడు చాలావరకు గూగుల్, మెటా యంత్రాలే తేల్చేస్తున్నాయి. కాబట్టి నెట్‌వర్కులకు మిగిలిన బలం డేటా, బేరం చేసే శక్తి అని నా అంచనా. చమత్కారపు నినాదాలు రాసేవాళ్ల వైభవం తగ్గింది.

ఈ మార్పులో హైదరాబాద్‌కు మంచి వాటాయే దక్కింది. గూగుల్ 2004లో ఇక్కడ తెరిచిన కార్యాలయంలో ప్రకటనల సేవలు మొదటి నుంచీ ముఖ్యమైన పని. ఫేస్‌బుక్ 2010లో భారత్‌లో తన తొలి కార్యాలయాన్ని ఇక్కడే పెట్టింది. ఓమ్నికామ్ సేవా విభాగమూ ఇక్కడుంది. న్యూయార్క్ నిద్రపోయే వేళకు మనకు ఆఫీసు వేళ. కానీ గూగుల్ ప్రకటనల వ్యవస్థలో తెలుగుకు చోటు దొరికింది మాత్రం 2018లో. పద్నాలుగేళ్లు ఇక్కడి కుర్రాళ్లు ప్రపంచ ప్రకటనలకు చాకిరీ చేశారు, పక్క వీధి దుకాణదారు తన భాషలో ప్రకటన ఇవ్వలేకపోయాడు!

వెబ్‌సైట్లలో కనిపించే బొమ్మల ప్రకటనల దారి వేరు. అక్కడ ప్రకటనదారుకూ సైటుకూ మధ్య బోలెడు మంది ఉంటారు. 2020లో బ్రిటన్ ప్రకటనదారుల సంఘం ఇస్బా కోసం ఆడిట్ సంస్థ పీడబ్ల్యూసీ లెక్క తీస్తే, పెట్టిన సొమ్ములో సైట్లకు చేరింది 51 శాతమే. 15 శాతం ఎక్కడికి పోయిందో ఆడిటర్లకే అంతుపట్టలేదు. పెద్ద పెద్ద కంపెనీల డబ్బే ఇలా ఆవిరైతే చిన్న వ్యాపారి గతేమిటి?

కోకాపేట, నార్సింగి వైపు ఇప్పుడు బిల్డర్లే కాదు, డెంటల్ క్లినిక్కులు, ప్లే స్కూళ్లు కూడా ఏజెన్సీలకు ‘లీడ్స్’, అంటే ఆసక్తి చూపినవాళ్ల వివరాల కోసం నెలనెలా కడుతున్నాయి. మీరూ ఆ పనిలో ఉంటే ప్రకటనల ఖాతా మీ సొంత మెయిల్‌తోనే తెరిపించండి, ఏజెన్సీకి నడిపే అనుమతి మాత్రం ఇవ్వండి. గూగుల్‌కు కట్టింది ఎంత, ఏజెన్సీ ఫీజు ఎంత అన్నది విడివిడిగా బిల్లు అడగండి. ఇవ్వనంటే ఇంకో ఏజెన్సీని చూసుకోండి.