ఇంగితం ఉన్నవారు అడుగుతారు

"ఆ మాత్రం ఇంగితం లేదా?" అని ఇంట్లో పెద్దలు విసుక్కోవడం వింటూనే ఉంటాం. ఇంగితం సంస్కృతం నుండి వచ్చిన మాట. మనసులోని భావాన్ని బయటపెట్టే కదలిక, సైగ అని దాని మొదటి అర్థం. ఎదుటివారు నోరు విప్పకుండానే దాన్ని గ్రహించడం ఇంగితజ్ఞానం. నేడు ఆ మాటను లోకజ్ఞానం అనే అర్థంలోనే ఎక్కువగా వాడుతున్నాం.

అతిథి అడగకముందే అన్నం వడ్డించడం ఇంగితం. పరామర్శకు వెళ్లిన ఇంట అలసట గమనించి త్వరగా లేవడం ఇంగితం. ఇక్కడ మనం పొరబడినా పెద్ద నష్టం లేదు.

కాని పెళ్లిచూపుల్లో అమ్మాయి తల వంచుకుంటే "మౌనం అర్ధాంగీకారం" అని తేల్చేయడం ఇంగితం కాదు. ఆ మాట సైతం సగమే అంటోంది. మిగతా సగం మనమే కలుపుకుంటున్నాం. ఆ మౌనం సిగ్గు కావచ్చు, భయమూ కావచ్చు.

వివాహారాధనలో వధూవరులిద్దరినీ సంఘం ఎదుట అడిగి, వారి నోటి మాట వింటాం. అయితే అప్పటికే శుభలేఖలు పంచేసి ఉంటాం. ప్రియమైన తల్లిదండ్రులారా, అమ్మాయిని ముందే, ఒంటరిగా అడగండి. ఆమె 'సరే' అన్నప్పుడు ముఖం కూడా చూడండి. ఇంగితం అవసరమయ్యేది అక్కడే.