స్టీరింగ్ పట్టుకుంటే గుండెదడా?

నలభై దాటాక కారు నేర్చుకునే స్త్రీలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న: "సిస్టర్, స్టీరింగ్ పట్టుకోగానే గుండె దడదడలాడుతోంది, చేతులు చెమటలు పడుతున్నాయి. గుండెజబ్బా?" సాధారణంగా కాదు. భయం వేసినప్పుడు శరీరంలో అడ్రినలిన్ పెరుగుతుంది. దడ, చెమట దాని పనే. కాసేపటికి అదే తగ్గుతుంది.

దడ రాగానే ఇంటికి తిరిగి వచ్చేస్తే మాత్రం మరుసటి రోజు భయం ఇంకా పెరుగుతుంది. సిగ్నల్ ఇచ్చి, ఎడమ పక్కన సురక్షితమైన చోట ఆపండి. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. దడ తగ్గాక ఇంకొంచెం దూరం నడిపి, అప్పుడు ఇంటికి రండి. రోజూ తెల్లవారి, రద్దీ లేని ఒకే దారిలో ఇరవై నిమిషాలు చాలు. లెర్నర్ లైసెన్సు 6 నెలలు చెల్లుతుంది, తొందరేమీ లేదు.

పక్కన కూర్చుని కేకలు వేసే భర్త కంటే డ్రైవింగ్ స్కూలు నయమని మా అభిప్రాయం. అక్కడ నేర్పేవారి కాలి దగ్గర కూడా బ్రేకు ఉంటుంది.

ధైర్యం కోసం అల్ప్రజోలం వంటి మాత్ర వేసుకుని బండి నడపవద్దు. మత్తు వస్తుంది, బ్రేకు వేయడం ఆలస్యమవుతుంది.

కారు ఎక్కనప్పుడు కూడా దడ వస్తుంటే రక్తహీనతో థైరాయిడో కావచ్చు, డాక్టరుగారికి చూపించుకోండి. ఛాతీనొప్పి, స్పృహ తప్పడం ఉంటే ఆలస్యం చేయక వెంటనే ఆసుపత్రికి రండి.