వదిలేయడం వస్తేనే... క్యాట్!

మూడు లక్షల మంది పోటీపడే పరీక్ష. అందులో సగం మార్కులొస్తే చాలు, ముందు వరసలో ఉన్నట్టే. మరి ఆ సగం తెచ్చుకోవడం ఎందుకంత కష్టం? లెక్కల్లో పులుల్లాంటి మన పిల్లలు ఎక్కడ తడబడుతున్నారు?

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష రాసి బయటికొచ్చిన అబ్బాయిని గేటు దగ్గర నాన్న అడిగే మొదటి ప్రశ్న... 'అన్నీ చేశావా?' చేశానంటే ఆయన మొహం వెలుగుతుంది. పది వదిలేశానంటే వాడిపోతుంది. నాలుగైదేళ్ల తర్వాత అదే అబ్బాయి క్యాట్ రాసి వస్తాడు. నాన్న మళ్లీ అదే ప్రశ్న అడుగుతాడు. 'సగానికి కాస్త ఎక్కువ చేశా' అంటాడు కొడుకు. ఆయన గుండె జారిపోతుంది. చేసినవన్నీ సరిగ్గా చేసి ఉంటే, నిజానికి ఆయన మిఠాయి పంచాల్సిన సందర్భమది!

క్యాట్... కామన్ అడ్మిషన్ టెస్ట్. దేశంలోని ఐఐఎంలలో రెండేళ్ల మేనేజ్‌మెంట్ పీజీకి తొలి మెట్టు ఇదే. 1961లో కోల్‌కతా, అహ్మదాబాద్‌లతో మొదలైన ఐఐఎంలు ఇప్పుడు ఇరవై దాటాయి. 2015లో విశాఖపట్నానికీ ఒకటి వచ్చింది. మొదట ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో పాఠాలు మొదలుపెట్టి, తర్వాత గంభీరంలోని సొంత క్యాంపస్‌కి మారింది. ఐఐఎంలే కాదు... ఢిల్లీలోని ఎఫ్ఎంఎస్, కొన్ని ఐఐటీలు, మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కూడా ఎంబీయేకి ఈ స్కోరునే చూస్తాయి. ఏ డిగ్రీ అయినా 50 శాతం మార్కులుంటే చాలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45 శాతం. ఆఖరి ఏడాది చదువుతున్నవాళ్లూ రాయొచ్చు. వయసు పరిమితి లేదు. ఎన్నిసార్లయినా రాయొచ్చు.

వినడానికి ఇంత తేలిగ్గా ఉంది. చిక్కంతా లోపలికెళ్లాకే!

ఎంసెట్ అలవాటు మానాలి
మన దగ్గర పిల్లలు పెరిగిన పరీక్ష ఎంసెట్. ఇప్పుడు పేరు మారి ఈఏపీసెట్ అయింది. 160 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పు రాస్తే పోయేదేమీ లేదు. అందుకే ఆఖరి ఐదు నిమిషాల్లో మిగిలినవాటన్నిటికీ ఏదో ఒకటి పెట్టేసి రావడం తెలివైన పని. రాష్ట్ర స్థాయి ఎంబీయే పరీక్ష ఐసెట్‌లోనూ అంతే. రుణాత్మక మార్కులుండవు.

క్యాట్‌లో ఆ పప్పులుడకవు. సరైన జవాబుకి 3 మార్కులు. ఆప్షన్లున్న ప్రశ్నకి తప్పు జవాబు పెడితే ఒకటి పోతుంది. ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఏమీ తెలియకుండా నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా గురిపెడితే, సగటున ఒకటి తగిలి 3 వస్తాయి. మిగతా మూడూ తప్పి 3 పోతాయి. చివరికి చేతికొచ్చేది సున్నా. పైగా సమయం దండగ. అదే నాలుగు ఆప్షన్లలో రెండు కచ్చితంగా కావని తెలిస్తే లెక్క మారిపోతుంది. అలాంటివి రెండు చేస్తే సగటున ఒకటి తగిలి 3 వస్తాయి, రెండోది తప్పి ఒకటి పోతుంది. నికరంగా 2 మిగులుతాయి. అంటే... సరైన జవాబు తెలియడమే కాదు, కానిదేదో తెలియడమూ మార్కులు తెచ్చిపెడుతుంది. ఇక ఆప్షన్లు లేకుండా జవాబును మనమే టైప్ చేయాల్సిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. వాటికి మాత్రం మైనస్ లేదు. కాబట్టి వాటిని ఖాళీగా వదిలి రావద్దు.

95 వస్తే సీటెందుకు రాలేదు?
చాలా ఇళ్లలో పెద్దవాళ్లకు అంతుపట్టని మాట పర్సంటైల్. '95 తెచ్చుకున్నాడు, అయినా రాలేదట' అని బంధువులతో చెప్పుకుని బాధపడుతుంటారు. పర్సంటైల్ అంటే శాతం కాదు, మన వెనక ఎంతమంది ఉన్నారన్న లెక్క. 2024 క్యాట్‌ని సుమారు 2.93 లక్షల మంది రాశారు. అందులో 95 పర్సంటైల్ అంటే ఆ అభ్యర్థి ముందు ఇంకా 14 వేలమందికి పైనే ఉన్నారని అర్థం. 99 అంటే దాదాపు 2,900 మంది. నూటికి నూరు పర్సంటైల్ దక్కింది 14 మందికి!

మరి ఆ 99 రావాలంటే ఎన్ని మార్కులు కావాలి? అక్కడే ఉంది అసలు విశేషం. ఇటీవలి సంవత్సరాల్లో మొత్తం మార్కుల్లో సగం, ఒక్కోసారి అంతకన్నా తక్కువ తెచ్చుకున్నవాళ్లకే 99 పర్సంటైల్ వచ్చింది. కారణం తేలికే. అన్నీ చేయడానికి వీల్లేకుండానే పేపర్ తయారవుతుంది. 2024లో ఇచ్చిన ప్రశ్నలు 68, సమయం 120 నిమిషాలు. సగటున ఒక్కోదానికి రెండు నిమిషాలైనా లేవు. ఏవి పట్టుకోవాలో, ఏవి వదలాలో ఎవరికి తెలుసన్నదే అక్కడ చూసేది. రేపు మేనేజర్ అయ్యాక చేయాల్సిందీ అదేగా! పది పనులు ఒక్కసారి మీద పడినప్పుడు ఏది ముందు, ఏది అక్కర్లేదు అని తేల్చుకోవడం.

మొదటి 40 నిమిషాలు
పరీక్షలో మూడు విభాగాలు. ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒకదాంట్లో మిగిలిన సమయాన్ని మరోదానికి వాడుకునే వీల్లేదు. మొదట వచ్చేది ఇంగ్లిష్. మన పిల్లల్లో చాలామందికి అసలు గండం ఇక్కడే.

2024లో ఈ విభాగంలో ఇచ్చిన 24 ప్రశ్నల్లో 16 చదివి అర్థం చేసుకునేవే. నాలుగు వ్యాసాలిచ్చి ఒక్కోదానికీ నాలుగేసి ప్రశ్నలు అడిగారు. తత్వశాస్త్రం, పర్యావరణం, చరిత్ర, ఆర్థికం... ఏ అంశమైనా రావొచ్చు. ఒకప్పుడు అర్థాల జాబితాలు బట్టీ పట్టేవారు. ఇప్పుడు పదానికి అర్థం చెప్పమనే ప్రశ్నలు నేరుగా రావడం లేదు. అడిగేది 'రచయిత ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు' అన్నదే. ఇంటర్ రెండేళ్లూ లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ తప్ప మరో పుస్తకం ముట్టనివ్వని చదువులు చదివినవాళ్లకు ఇది కొత్త ప్రపంచం.

తెలుగు మీడియంలో చదివిన కుర్రాడు 'ఇది మనకోసం కాదులే' అనుకుని వెనుదిరిగేది కూడా ఈ మెట్టు దగ్గరే. కానీ ఇంగ్లిష్‌లో గడగడా మాట్లాడటం వేరు, చదివింది అర్థం చేసుకోవడం వేరు. పరీక్షలో కావలసింది రెండోదే. దానికి చిన్న సాధన ఉంది. రోజూ ఇంగ్లిష్ పత్రికలో ఒక సంపాదకీయం చదవండి. మూసేయండి. అందులో రచయిత ఏమన్నాడో రెండే రెండు వాక్యాల్లో చెప్పండి. తెలుగులోనే! చెప్పగలిగితే అర్థమైనట్టే. చెప్పలేకపోతే మళ్లీ చదవండి. నెల తర్వాత పొడవైన వ్యాసాలకి వెళ్లండి. ఇష్టంలేని సబ్జెక్టువీ చదవండి. ఆర్నెల్లు పట్టుగా చేస్తే తేడా మీకే తెలుస్తుంది. ఇది ఆఖరి నెలలో అయ్యే పని మాత్రం కాదు.

ఆప్షన్ల దగ్గరా ఓ కిటుకుంది. తప్పు జవాబులు తరచూ వ్యాసంలోని పదాలతోనే ఊరిస్తాయి. 'ఎప్పుడూ', 'మాత్రమే', 'పూర్తిగా' లాంటి మాటలుంటే మరోసారి చూడాలి. రచయిత అననిదాన్ని మన సొంత తెలివితో కలిపేయకూడదు. కానివాటిని ఒక్కొక్కటే తీసేస్తూ పోతే సరైనది దానంతటదే మిగులుతుంది.

కొండను తవ్వి...
రెండో విభాగం డేటా, లాజిక్. కొన్ని వివరాలిచ్చి, వాటి మీద నాలుగైదు ప్రశ్నలు అడుగుతారు. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఏ జట్టు ఎన్ని మ్యాచ్‌లు గెలిచింది... ఇలాంటివి. దీనికి సిలబస్ అంటూ ఏమీ లేదు. ఇంజినీరింగ్‌లో టాపర్లు కూడా చతికిలబడేది ఇక్కడే. ఒక పజిల్ పట్టుకుంటారు. పది నిమిషాలవుతుంది. తెగదు. ఇంత చేశాక వదలడమెలా అని మరో పది నిమిషాలు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు చివరికి ఒక్క జవాబు దొరుకుతుంది. ఈలోగా పక్కనున్న సులువైన సెట్ చూడనైనా చూడకుండానే గంట కొట్టేస్తుంది.

అనుభవజ్ఞులు చెప్పేదొకటే. మొదటి ఐదు నిమిషాలు పెన్ను పక్కన పెట్టి అన్ని సెట్లనూ చదవాలి. తేలిగ్గా ఉన్నవాటిని ఎంచుకోవాలి. రెండు మూడు సెట్లు తప్పుల్లేకుండా చేస్తే ఈ విభాగంలో మంచి పర్సంటైల్ వచ్చినట్టే.

మూడోది లెక్కలు. ఇక్కడ మనవాళ్లకు ధైర్యం ఎక్కువ. కానీ కలన గణితం నమిలి మింగినవాళ్లు కూడా నీళ్ల ట్యాంకు దగ్గర ఆగిపోతుంటారు! శాతాలు, నిష్పత్తి, లాభనష్టాలు, చక్రవడ్డీ, కాలం-పని, కాలం-దూరం... ఎక్కువ ప్రశ్నలు వచ్చేది ఇలాంటివాటి నుంచే. తర్వాత ఆల్జీబ్రా, జ్యామితి. అంటే చాలామటుకు హైస్కూలు లెక్కలే. బీకాం, బీఏ చదివినవాళ్లు భయపడాల్సిన పనిలేదు. పాత పాఠ్యపుస్తకాలు తీసి మొదటి నుంచీ చేసుకుంటూ వస్తే చాలు. తెర మీద కాలిక్యులేటర్ ఉంటుంది కానీ మౌస్‌తో ఒక్కో అంకె నొక్కాలి. ఎక్కాలు, వర్గాలు, భిన్నాలకు సరిపోయే శాతాలు నోటికి వస్తే అంతకన్నా వేగంగా పనవుతుంది.

పోగొట్టుకున్న చోటే...
పరీక్ష సాధారణంగా నవంబరు చివరి ఆదివారం జరుగుతుంది. దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరుల్లో. ఏడాది మొదట్లో చదువు ప్రారంభిస్తే జులైకల్లా పునాది పడుతుంది. అక్కడి నుంచి మాక్ టెస్టులు. చాలామంది వారానికి మూడు నాలుగు రాసేసి, స్కోరు చూసి పొంగిపోవడమో కుంగిపోవడమో చేస్తారు. అసలు చదువు ఆ తర్వాత ఉంది. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి కదా! వారానికి ఒకటే రాయండి. మర్నాడు మూడు గంటలు దానికే కేటాయించండి. ఒక నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీయండి. చేయగలిగీ తప్పు చేసినవి, చేయగలిగీ వదిలేసినవి, వదలాల్సింది పోయి సమయం తగలేసినవి, నిజంగా రానివి. చాలామందికి నాలుగో గడి కన్నా మొదటి మూడే నిండుతాయి. నెలనెలా ఆ మూడూ తగ్గుతుంటే దారిలో పడినట్టే.

ప్రశ్నల సంఖ్య కూడా ఎప్పుడూ ఒకేలా ఉంటుందనుకోవద్దు. 2015లో 100 ప్రశ్నలు, మూడు గంటలు. కరోనా కాలంలో 2020లో 76 ప్రశ్నలు, రెండు గంటలు. మరుసటి ఏడాది 66. 2003లో అయితే పేపర్ బయటికి పొక్కి, పరీక్షే రద్దయి, 2004 ఫిబ్రవరిలో మళ్లీ రాయాల్సొచ్చింది. ఏది మారినా కంగారుపడని మనసు కూడా తయారీలో భాగమే.

సీటు దాకా...
మంచి పర్సంటైల్ తెచ్చేది ఇంటర్వ్యూ పిలుపు మాత్రమే. అందులోనూ ప్రతి విభాగంలో కనీస పర్సంటైల్ ఉండాలి. లెక్కల్లో 99 వచ్చి ఇంగ్లిష్ మునిగితే పిలుపు రాదు. ఆ తర్వాత ఒక్కో ఐఐఎందీ ఒక్కో లెక్క. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఉద్యోగానుభవం కలుపుతారు. అమ్మాయిలకు, ఇంజినీరింగ్ కాని డిగ్రీలవాళ్లకు కొన్నిచోట్ల అదనపు మార్కులుంటాయి. ఇంటర్వ్యూలో సొంత ఊరి గురించి అడగడం మామూలే. గుంటూరు అమ్మాయిని మిర్చి యార్డులో ధర ఎలా తేలుతుందని అడగొచ్చు. సిరిసిల్ల అబ్బాయిని మరమగ్గాల గురించి అడగొచ్చు. రోజూ చూసేదాన్ని కాస్త ఆలోచించి చూస్తే జవాబు మన దగ్గరే ఉంటుంది.

రిజర్వేషన్ వర్తించేవాళ్లు సర్టిఫికెట్లు ముందే చూసుకోవాలి. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్నట్టు కాదు. ఉన్నా, సర్టిఫికెట్ కేంద్రం ఇచ్చిన నమూనాలోనే కావాలి. ఇక ఫీజు. పాత ఐఐఎంలలో రెండేళ్లకి 20 లక్షలు దాటింది. అది విని ఆగిపోనక్కర్లేదు. ఇలాంటి సంస్థల్లో సీటొస్తే ఆస్తి తనఖా లేకుండానే బ్యాంకులు రుణమిస్తున్నాయి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకమూ అందుకే.

ఇంత చేసినా ఎక్కువమందికి ఐఐఎం సీటు రాదు. లెక్కే అలాంటిది. అందుకే ఉద్యోగం మానేసి, ఏడాదంతా గదిలో కూర్చునే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. పని చేసుకుంటూ పొద్దున రెండు గంటలు, ఆదివారం ఒక మాక్... ఇలా చదివి సీటు కొట్టినవాళ్లూ ఎందరో. జనవరిలో జరిగే ఎక్స్ఏటీకీ, తర్వాత ఐసెట్‌కీ చాలావరకు ఇదే చదువు పనికొస్తుంది. పిల్లలు పరీక్ష రాసి ఇంటికొచ్చినప్పుడు 'అన్నీ చేశావా' అని కాకుండా 'బాగా ఎంచుకున్నావా' అని అడగండి. ఫలితం సంగతెలా ఉన్నా, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలిసిన మనిషికి ఆ విద్య ఎక్కడున్నా అక్కరకొస్తుంది.