మెలనిన్ తెర దాటే వెలుగు

నెల్లూరు తీరంలో మైపాడు వద్ద వలలు లాగేవారూ, ఇస్కపల్లి ఉప్పుమడుల్లో పనిచేసేవారూ ఏడాది పొడవునా ఎండలోనే ఉన్నా వారిలో చర్మ క్యాన్సర్ అరుదుగానే కనిపించడానికి మెలనిన్ అనే నల్లని వర్ణకం కారణం. అది చర్మకణంలోని కేంద్రకానికి గొడుగులా పైన చేరి, అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది. అయితే ఆ వర్ణకాన్ని తయారుచేసే కణాలే అదుపు తప్పి పెరిగే మెలనోమా, భారతీయుల్లో తరచుగా ఎండ సోకని అరికాలిలోనో గోటి కిందో పుడుతుంది కనుక, ఈ గొడుగు దానిని ఆపలేదు. పైగా కాంతితో చేసే చికిత్సకు ఆ మెలనినే అడ్డుపడుతుంది.

ఆ చికిత్సలో, వ్యాధి సోకిన కణాల్లో పేరుకునే మందును పూసి ఎర్రని కాంతి ప్రసరింపజేస్తే, మందు గ్రహించిన శక్తి పక్కనున్న ఆక్సిజన్‌కు చేరి, చురుకెక్కిన ఆ ఆక్సిజన్ కణాన్ని లోపలినుంచే చంపుతుంది. అమినోలెవులినిక్ ఆమ్లాన్ని నానో బిందువులతో కలిపి చేసిన జెల్‌ను ఐరోపా 2011లోనూ, అమెరికా 2016లోనూ అనుమతించాయి. అయితే అది ఎండవల్ల లేచే, క్యాన్సర్‌గా మారగల పొలుసు మచ్చలకు. ఎర్రని కాంతి కొన్ని మిల్లీమీటర్లకు మించి లోపలికి దిగదు. నల్లని మెలనోమాలోనైతే దానిని మెలనిన్ దారిలోనే మింగేస్తుంది.

ఈ చిక్కుకు పరిశోధకులు బంగారంతో దారి వెతుకుతున్నారు. నానోమీటరంటే మీటరులో వందకోట్లో వంతు; 20 నానోమీటర్ల బంగారు కణాలు నీటిలో పసుపు వన్నె విడిచి దానిమ్మ రసంలా ఎర్రగా కనిపిస్తాయి. వాటిని సన్నని కడ్డీలుగానో పెంకులుగానో మలిస్తే, మెలనిన్ తక్కువగా పీల్చే సమీప పరారుణ కాంతిని గ్రహించి వేడెక్కుతాయి. 45 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిని కణాలు ఎక్కువసేపు తట్టుకోలేవు. పని ముగిశాక బంగారం ఒంట్లోనే మిగిలిపోతే ఎలాగన్నది అసలు ప్రశ్న. ప్రస్తుతం ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న అరవింద్ కుమార్ రెంగన్, బొంబాయి ఐఐటీ బృందంతో 2015లో ప్రచురించిన పరిశోధనలో, కొవ్వు బుడగలపై పూసిన బంగారం ఎలుకల్లో కణితిని కాల్చాక చిన్న ముక్కలుగా విడిపోయి కాలేయం, మూత్రపిండాల ద్వారా బయటికి పోతుందని చూపారు.

రేడియేషన్ చికిత్సలోనూ ఇదే ఎత్తుగడ ఉంది: బరువైన పరమాణువులు ఎక్స్‌రేలను ఎక్కువగా పీల్చి ఎలక్ట్రాన్లను చిమ్ముతాయి. హాఫ్నియం ఆక్సైడ్ నానోకణాలకు 2019లో ఐరోపాలో అనుమతి దక్కినా, అది మృదు కణజాల క్యాన్సర్లకే.

నేటికీ మెలనోమాకు మొదటి వైద్యం కత్తిదే. అదీ తొలి దశలో పట్టుకుంటేనే. వట్టికాళ్లతో ఇసుకలో నడిచేవారు అరికాలి మచ్చను ముల్లు దిగిన గుర్తనో, ఆనెకాయనో వదిలేస్తారు. అంచులు చెదిరి, నెలల తరబడి పెరిగే నల్లమచ్చను మాత్రం చర్మవైద్యునికి చూపించాలి.