శిబిరానికి వెళ్లినా మాత్ర మానొద్దు: హెచ్ఐవీ చుట్టూ అపోహలు, వాస్తవాలు

“నలభై రోజులు ఆ ఆశ్రమంలో ఉండొచ్చాడు, ఇప్పుడు రిపోర్టులో వైరస్సే కనిపించడం లేదట.” హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్ల మధ్య ఈ మాట ఏదో ఒక రూపంలో తిరుగుతూనే ఉంటుంది. చోటు పేరే మారుతుంది: ఒకరికి ధ్యాన శిబిరం, ఒకరికి ప్రకృతి చికిత్సాలయం, ఇంకొకరికి స్వస్థత కూటం. విచిత్రమేమంటే ఆ రిపోర్టు చాలాసార్లు నిజమైనదే. హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పక వాడితే కొన్ని నెలల్లోనే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. శిబిరానికి వెళ్లేదాకా మాత్రలు వాడిన మనిషి, వచ్చిన వెంటనే వైరల్ లోడ్ పరీక్ష చేయించుకుంటే ఫలితం అలాగే వస్తుంది. మాత్ర చేసిన పనికి పుణ్యం మాత్రం గురువు ఖాతాలో పడుతుంది. అదే మనిషికి యాంటీబాడీ పరీక్ష చేసి చూడండి, పాజిటివ్ అనే వస్తుంది. ఎందుకంటే వైరస్ వెళ్లిపోలేదు. రోగనిరోధక వ్యవస్థకు చెందిన, నిద్రాణంగా ఉన్న సీడీ4 కణాల్లో తన జన్యుపదార్థాన్ని దాచుకుని నివురుగప్పిన నిప్పులా ఉంది. ఆ దాగుడు స్థావరాలను మందులూ తుడిచిపెట్టలేవని 1990ల చివరి నుంచే తెలుసు. బెర్లిన్ పేషెంట్‌గా పేరుపడ్డ తిమోతీ రే బ్రౌన్ లాంటి వేళ్లమీద లెక్కపెట్టగలిగినంత మందికి హెచ్ఐవీ పూర్తిగా పోయిన మాట నిజమే. కానీ వాళ్లలో దాదాపు అందరికీ క్యాన్సర్ కారణంగా మూలకణాల మార్పిడి జరిగింది. అది ప్రాణాపాయం ఉన్న చికిత్స.

మందులే వాడనివాళ్లు కూడా శిబిరం నుంచి బాగుపడి వచ్చారు కదా అని అడిగేవాళ్లుంటారు. ఈ జబ్బు నడక తెలిస్తే దీనికి జవాబు దొరుకుతుంది. వైరస్ సోకిన కొత్తలో వచ్చే జ్వరం, ఒళ్లునొప్పులు వాటంతటవే తగ్గిపోతాయి. ఆ తర్వాత చికిత్స లేకపోయినా చాలామంది ఏళ్ల తరబడి పైకి ఆరోగ్యంగానే కనిపిస్తారు. సీడీ4 కౌంట్ కూడా రోజును బట్టి, ల్యాబును బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది. ఈ వ్యవధిలో వేళకు తిండి, కంటినిండా నిద్ర, మద్యానికి దూరం, ఆప్యాయంగా పలకరించే మనుషులు దొరికితే బరువు పెరుగుతుంది, ముఖం తేటపడుతుంది. ఆ మనిషి వేదికెక్కి చెప్పే సాక్ష్యంలో అబద్ధం ఉండకపోవచ్చు. అయితే బాగుపడింది ఒళ్లు, మనసు. వైరస్ లెక్క వేరు.

ఈ తేడాను పక్కనపెడితే ఏమవుతుందో గాంబియా చూసింది. 2007 జనవరిలో ఆ దేశాధ్యక్షుడు యాహ్యా జామే మూలికలు, ప్రార్థనలతో ఎయిడ్స్‌ను నయం చేస్తానని ప్రకటించాడు. రోగులను ఒకచోట ఉంచి, ఏఆర్‌టీ మందులు మాన్పించాడు. రుజువుగా పొరుగున ఉన్న సెనెగల్ ప్రయోగశాల ఇచ్చిన ఫలితాలను చూపించారు. చికిత్సకు ముందు వాళ్ల రక్తంలో వైరస్ ఎంత ఉందో తెలియకుండా ఆ అంకెలతో ఏ నిర్ధారణకూ రాలేమని ఆ ప్రయోగశాలే చెప్పింది. ఆ చికిత్సను ప్రశ్నించిన ఐక్యరాజ్యసమితి అధికారిణిని దేశం నుంచి పంపేశారు. జామే పదవి పోయాక, 2018లో, ఆ చికిత్స నుంచి బతికి బయటపడ్డవాళ్లు అతడి మీద కోర్టుకెక్కారు. ముందు పరీక్ష లేకుండా తర్వాతి పరీక్షను ఊపి చూపించడం దేశాధ్యక్షుల దగ్గరే ఆగిపోయిన విద్య కాదు.

“పూర్తిగా మానమనడం లేదు, శిబిరం జరిగినన్నాళ్లు విరామం ఇవ్వమంటున్నాం, ఒంట్లో విషాలు పోవాలి కదా” అనే మెత్తటి వాదన ఇంకొకటి ఉంది. మందులకు విరామం ఇస్తే ఏమవుతుందో నిపుణులు ఊహకు వదిలేయలేదు. స్మార్ట్ అనే పెద్ద అధ్యయనంలో 33 దేశాలకు చెందిన 5,472 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు మందులు ఆపకుండా వాడింది, రెండో జట్టు సీడీ4 కౌంట్ బాగున్నప్పుడు ఆపి, పడిపోయాక మళ్లీ మొదలుపెట్టింది. దుష్ప్రభావాలు తగ్గుతాయన్న సదుద్దేశంతోనే ఆ ప్రయోగం చేశారు. 2006లో దాన్ని మధ్యలోనే నిలిపివేయాల్సి వచ్చింది. ఆపి వాడిన జట్టులో, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు పట్టుకునే అవకాశవాద జబ్బులు లేదా మరణం ముప్పు రెండున్నర రెట్లు దాటింది. డాక్టర్ల పర్యవేక్షణలో, కౌంట్ చూసుకుంటూ ఆపితేనే ఇలా జరిగింది. మందు ఆగిన రెండు మూడు వారాల్లో చాలామందిలో వైరస్ మళ్లీ లేస్తుంది. అన్ని మందులూ ఒంట్లోంచి ఒకే వేగంతో పోవు కాబట్టి, మిగిలిన ఒక్క మందుకు వైరస్ మొండికేసే ప్రమాదమూ ఉంది.

ఉపవాస దీక్షలో మాత్ర వేసుకోకూడదన్నది మరో అపోహ. ఇప్పుడు మన ఏఆర్‌టీ కేంద్రాల్లో ఎక్కువమందికి ఇచ్చే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్రకు తిండితో పట్టింపు లేదు, గుక్కెడు నీళ్లు చాలు. కొన్ని ఇతర మందులను మాత్రం భోజనంతోనే తీసుకోవాలి. అందుకే బయలుదేరేముందు డాక్టర్ని అడగాలి. అసలు జాగ్రత్త పడాల్సింది శిబిరాల్లో ఇచ్చే భస్మాలు, బలం మందులు, కషాయాల దగ్గర. కాల్షియం, ఇనుము, ఎసిడిటీ మందుల్లోని అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ను పట్టేసుకుని ఒంటికి సరిగా అందనివ్వవు. శంఖ భస్మం అంటే కాల్షియమే, లోహ భస్మం అంటే ఇనుమే. పరగడుపున ఉన్నప్పుడైతే ఇలాంటివి మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత తీసుకోవాలి, లేదా అవి తీసుకున్నాక ఆరు గంటలు ఆగి మాత్ర వేసుకోవాలి. ప్రకృతిసిద్ధం కాబట్టి హాని లేదనుకోవడం ఇక్కడ పనికిరాదు.

ఇంతా చదివి, శిబిరాలన్నీ మోసమే అనుకుంటే అదీ అపోహే. నా దృష్టిలో శిబిరంతో వైరస్ పోతుందన్న అపోహ కంటే మరీ చిన్నదేమీ కాదు. అమెరికాలో 1985లో లూయీస్ హే అనే రచయిత్రి తన ఇంట్లో ఆరుగురు ఎయిడ్స్ రోగులతో సమావేశాలు మొదలుపెట్టింది. కొన్నేళ్లలో వందలమంది రాసాగారు. ఆమె మొదలుపెట్టేనాటికి ఒక్క మందూ లేదు. మొదటి మందు ఏజెడ్‌టీ 1987లో వచ్చింది, ప్రాణం నిలబెట్టే మందుల కలయిక 1996లో గానీ అందలేదు. కన్నవాళ్లే ముట్టుకోవడానికి జంకిన రోజుల్లో ఆ రోగులను దగ్గరకు తీసుకున్న చోటు అది. దాని విలువను వైరల్ లోడ్‌తో కొలవలేం. అయితే ఆమె బోధలోనే ఒక ముల్లు ఉంది: నిన్ను నువ్వు ప్రేమించుకోకపోవడం వల్లే జబ్బు వచ్చిందన్న సూచన. మన దగ్గర ఇదే పూర్వజన్మ కర్మగా, పాపఫలంగా వినిపిస్తుంది. సిగ్గుతో వచ్చిన మనిషికి ఆ సిగ్గునే ప్రసాదంగా పెట్టి పంపే చోటును శాంతి నిలయం అనలేం.

శిబిరంలో బాగుపడేది మనసే, వైరస్ లెక్క వేరు అన్న మాటకే ధ్యానం మీద జరిగిన పరిశోధనలూ బలమిస్తాయి. 2009లో ఒక చిన్న అధ్యయనం ధ్యానం సీడీ4 కణాలు తగ్గకుండా కాస్త ఆపిందని చెప్పడంతో ఆశలు పెరిగాయి. 2018లో వెలువడిన, 177 మందితో చేసిన మరింత పెద్ద అధ్యయనంలో సీడీ4 మీద చెప్పుకోదగ్గ ప్రభావం తేలలేదు. మనసు కుంగుబాటులో మాత్రం, ముఖ్యంగా తొలి నెలల్లో, కొంత మేలు కనిపించింది. ఆ మేలును తక్కువ చేయనక్కర్లేదు. కుంగిపోయిన మనిషి మాత్ర మరిచిపోతాడు, ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లడం మానేస్తాడు. మనసు కుదుటపడితే మాత్ర వేళకు పడుతుంది. శిబిరం చేయగల అసలు సాయం ఇదే.

మాత్ర వేసుకుంటే దేవుడి మీద నమ్మకం తగ్గినట్టే కదా అన్న ప్రశ్న భక్తులను నిజంగా వేధిస్తుంది. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా పక్కన ఎంటోటో కొండ మీద పవిత్ర జలం కోసం హెచ్ఐవీ రోగులు వేల సంఖ్యలో చేరేవారు. చాలామంది మందులు మానేశారు. 2007లో అక్కడి ఆర్థడాక్స్ చర్చి అధిపతి అబూనె పౌలోస్ పవిత్ర జలానికీ మందులకూ విరోధం లేదని, రెండూ కలిపి తీసుకోవచ్చని బహిరంగంగా చెప్పారు. డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పినా ఆ మాటకు అంత బరువు వచ్చేది కాదు. దేశ సగటు కంటే హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పాస్టర్లు, స్వాములు, పీర్ల దర్గా పెద్దలు ఈ ఒక్క మాట వేదిక మీద చెప్పగలరు. అందుకు ఎవరూ తమ నమ్మకాన్ని వదులుకోనక్కర్లేదు.

నిర్వాహకులను పట్టుకున్న అపోహ ఒకటి మిగిలింది: హెచ్ఐవీ ఉన్నవాళ్లను అందరితో కలిపి ఉంచకూడదని. పంక్తి భోజనం వల్ల, ఒకే గదిలో పడుకోవడం వల్ల, దోమల వల్ల, కౌగిలింత వల్ల ఇది సోకదు. హెచ్ఐవీ ఉందన్న కారణంతో వివక్ష చూపడాన్ని 2017లో చేసిన చట్టం నిషేధించింది.

కాబట్టి వెళ్లాలనిపిస్తే వెళ్లండి. పేరు నమోదు చేసుకునేటప్పుడే అక్కడివాళ్లను ఒక్కటి అడగండి: నా మాత్రల గురించి మీరేమంటారు? మానమన్నా, తగ్గించమన్నా, నయమైపోతుందని హామీ ఇచ్చినా ఆ చోటు మీకు తగదు. వేళకు వేసుకోమని గుర్తుచేస్తే నిశ్చింతగా ఉండొచ్చు. ఉండే రోజులకు సరిపడా, మరో వారానికి అదనంగా మాత్రలు పెట్టుకుని బయలుదేరండి. ఇప్పటికే ఎవరి మాటో విని ఆపేసి ఉంటే, ఎవరో తిడతారని వెనకాడకుండా ఏఆర్‌టీ కేంద్రానికి తిరిగి వెళ్లండి. అక్కడ మందులు ఉచితం. 1097కు ఫోన్ చేసి సలహా అడగడానికీ ఖర్చు లేదు.