మూకీల కాలం, బొంబాయి పత్రికలు: ప్రకటనను సాక్ష్యంగా చదవడం

మన దేశంలో 1,300కు పైగా మూకీ చిత్రాలు తయారైనట్లు అంచనా. వాటిలో పూర్తిగానో ముక్కలుగానో నేటికి మిగిలినవి కొన్ని పదులు మాత్రమే. ఆనాటి నైట్రేట్ ఫిల్మ్ తేలికగా అంటుకుంటుంది. నిల్వ ఉంచితే క్రమంగా పొడిగా రాలిపోతుంది. ఆడి అరిగిపోయిన ప్రింట్లను అందులోని వెండి కోసం కరిగించడమూ ఉండేది. చిత్రమే లేనప్పుడు చిత్ర చరిత్రను దేని ఆధారంగా రాయాలి? చాలావరకు పత్రికల ఆధారంగానే రాశారు. కాబట్టి ఆ పత్రికలను ఎలా చదవాలో తెలుసుకోవడం ఈ పాఠానికి ముఖ్యం. ఇందుకు బొంబాయి నగరాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

బొంబాయికి సినిమా ఓడరేవు దారినే వచ్చింది. లూమియేర్ సోదరుల ప్రతినిధి మారియస్ సెస్టియే ఆస్ట్రేలియా వెళుతూ మధ్యలో ఇక్కడ ఆగాడు. 1896 జూలై 7న వాట్సన్ హోటల్లో ప్రదర్శనలు ఇచ్చాడు. అదే రోజు ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’లో ప్రకటన వచ్చింది. దానిని ఈ శతాబ్దపు వింతగా వర్ణించి, ఆరు చిత్రాల పేర్లు, నాలుగు ఆటల వేళలు, టికెట్టు ధర ఒక రూపాయి అని అచ్చువేశారు.

చాలా పుస్తకాలు ఈ తేదీ చెప్పి ముందుకు సాగిపోతాయి. నా దృష్టిలో ఆ ప్రకటనలో అసలు విలువైన అంశం ధర. నాటి కూలివానికి ఒక రూపాయి అంటే ఒక రోజు కూలితో తేలే మాట కాదు. అంటే ఆ ప్రదర్శన ఎవరి కోసమో ధరే చెబుతోంది. జూలై 14 నుంచి ఆటలు నావెల్టీ థియేటర్‌కు మారాయి. అక్కడ కొద్ది రోజుల్లోనే ధరలు నాలుగు అణాల నుంచి రెండు రూపాయల దాకా తరగతుల వారీగా ఏర్పడ్డాయి. పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేక బాక్సులూ ఏర్పాటు చేశారు. ప్రేక్షకుల గురించి ఎవరూ వ్యాసం రాయనక్కర లేకుండానే, వరుసగా వచ్చిన ప్రకటనలను పక్కపక్కన పెట్టి చూస్తే ప్రేక్షకవర్గం ఎలా విస్తరించిందో మనకు తెలుస్తుంది. ఒక్క ప్రకటన చదివితే ఇది తెలియదు.

అయితే ప్రకటన అన్ని విషయాల్లోనూ నమ్మదగిన సాక్షి కాదు. దాదాసాహెబ్ తోర్నే తీసిన ‘పుండలీక్’ 1912 మే 18న గిర్గాఁవ్‌లోని కారొనేషన్ సినిమాటోగ్రాఫ్‌లో విడుదలైంది. వారం తిరగకుండానే, బొంబాయిలోని హిందువుల్లో దాదాపు సగం మంది దానిని చూసేశారనీ, మిగిలిన సగం కూడా చూడాలనీ ప్రకటించారు. దీనిని లెక్కవేసి చూడండి. 1911 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా సుమారు 9.8 లక్షలు, అందులో సగానికి పైగా హిందువులు. వారిలో సగమంటే తక్కువలో తక్కువ రెండున్నర లక్షలు. వెయ్యి మంది పట్టే హాలు రోజుకు నాలుగు ఆటలు, ప్రతి ఆటా నిండుగా నడిచిందనుకున్నా వారానికి 28,000 మందే అవుతారు. ఆట ఎక్కడ, ఎప్పుడు, ఎంత ధరకు అన్న విషయాల్లో ప్రకటన తప్పు చెబితే యజమానికే నష్టం. కనుక అవి నమ్మవచ్చు. జనం ఎంతమంది వచ్చారన్న విషయంలో మాత్రం అతిశయోక్తి వల్లనే అతనికి లాభం.

‘పుండలీక్’ ప్రకటనలకు మరో ప్రాముఖ్యం కూడా ఉంది. ఫాల్కే తీసిన ‘రాజా హరిశ్చంద్ర’ అదే కారొనేషన్‌లో 1913 మే 3న, అంటే దాదాపు ఏడాది తరువాత విడుదలైంది. మరి తొలి భారతీయ చిత్రం ఏది? ‘పుండలీక్’ రంగస్థల నాటకాన్ని చిత్రీకరించినదనీ, ఛాయాగ్రాహకుడు ఆంగ్లేయుడనీ, ఫిల్మ్‌ను లండన్‌లో ప్రాసెస్ చేశారనీ కారణాలు చెప్పి చాలామంది చరిత్రకారులు ఫాల్కేకే ఆ గౌరవం ఇస్తారు. 2013లో శతజయంతి ఉత్సవాల వేళ ఈ వివాదం కోర్టు దాకా వెళ్ళింది. ‘పుండలీక్’ చిత్రం నేడు లభ్యం కాదు. దాని పక్షాన మాట్లాడేవారికి ఆనాటి పత్రికల కాగితాలే బలమైన ఆధారం.

‘రాజా హరిశ్చంద్ర’ను గురించి ‘బాంబే క్రానికల్’ 1913 మే 5 సంచికలో రాసింది. తగలబడే అడవి, శివుని సాక్షాత్కారం, చనిపోయిన బాలుడు తిరిగి బ్రతకడం అనే దృశ్యాల ప్రభావాన్ని ప్రత్యేకంగా పేర్కొంది. అప్పటి విలేఖరులను ఆకట్టుకున్నది కథకన్నా కెమెరా మాయాజాలం అని దీనివల్ల ఊహించవచ్చు. కథ అందరికీ తెలిసినదే కదా! ఆ చిత్రాన్ని ఒక విదేశీ నర్తకి నృత్యం, హాస్య ప్రదర్శన, కాళ్ళతో చేసే గారడీ వంటి అంశాలతో కలిపి ఒకే కార్యక్రమంగా చూపారన్న సంగతి కూడా ప్రకటనల ద్వారానే తెలుస్తోంది. ‘పూర్తి నిడివి చిత్రం’ అన్న నేటి భావనతో ఆ సాయంత్రాన్ని ఊహించుకోకూడదు. అలాగే ప్రకటన ఇచ్చే థియేటరును గురించి అదే పత్రిక రాసిన నాలుగు మంచి మాటలను నేటి అర్థంలో స్వతంత్ర సమీక్షగా భావించకూడదు.

ఇప్పటిదాకా చూసినవన్నీ ఇంగ్లీషు పత్రికలే. ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. ఫాల్కే ప్రేక్షకుల్లో ఎక్కువమంది ఇంగ్లీషు రానివారు, చాలామంది ఏ భాషలోనూ చదువు రానివారు. టైటిల్ కార్డులను పక్కవారు పైకి చదివితే విని చూసేవారు. ఇంగ్లీషు పత్రికలు మాత్రమే తిరగేస్తే నగరంలో ఎక్కువ భాగం మనకు కనిపించదు. ఫాల్కే తన అనుభవాలను, భారతీయ చిత్ర నిర్మాణంపై తన అభిప్రాయాలను 1917-18లో రాసింది మరాఠీ పత్రిక ‘నవయుగ్’లో. పత్రికలు చదవనివారి అభిరుచులు కొంతవరకు మరో చోట నమోదయ్యాయి. మద్రాసు న్యాయవాది టి. రంగాచారి అధ్యక్షతన 1927లో ఏర్పడిన భారత సినిమాటోగ్రాఫ్ విచారణ సంఘం దేశమంతా తిరిగి థియేటర్ యజమానులను, నిర్మాతలను, అధికారులను ప్రశ్నించి వాంగ్మూలాలను సంపుటాలుగా అచ్చువేసింది. పత్రికతో పాటు దీనినీ చదివినవారికే పూర్తి చిత్రం అందుతుంది.

పాత పత్రికలు వెదకడం వల్ల తెలుగు సినిమాకు జరిగిన మేలు కూడా ఈ బొంబాయితోనే ముడిపడి ఉంది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాశాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి ఆధారాలను వెదికి, ఆ చిత్రం 1932 జనవరి 22న సెన్సార్ పొంది, ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా థియేటర్లో విడుదలైందని నిరూపించారు. అంతకు ముందు సెప్టెంబరు 15ను వేడుకగా జరిపినవారంతా ఇప్పుడు ఫిబ్రవరి 6కు మారవలసి వచ్చింది!

అభ్యాసం: మీ జిల్లా గ్రంథాలయంలో ఏదైనా పాత దినపత్రిక సంచికలను వరుసగా ఒక వారానికి తీసుకోండి. ఒకే థియేటర్ ప్రకటనలను తేదీల వారీగా రాసుకోండి. ధర, వేళలు, చిత్రంతో పాటు చూపిన ఇతర అంశాలు ఎలా మారాయో గమనించండి. ప్రకటనలోని ఏ మాటలను నమ్మవచ్చో, ఏ మాటలకు వేరే ఆధారం కావాలో కారణాలతో ఒక పుటలో వివరించండి.